రోర్ నెలలో పెళ్లిచూపులు

మగ జింక అందం మీద కవిత్వాలు చెప్పేవాళ్ళని ఏప్రిల్ నెలలో ఒక్క పూట మా ఫారానికి తీసుకొచ్చి గాలికెదురుగా నిలబెట్టాలి. ముక్కు మూసుకోకుండా కాసేపు నిలబడగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

నేను కివీల దేశం దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్ ఊరు దాటాక వచ్చే ఒక జింకల ఫారంలో పని చేస్తాను. ఇవి ఎర్ర జింకలు. మగది నిలబడితే దాని వీపు నా భుజం దాకా వస్తుంది. మన దగ్గర పశుసంవర్ధక డిప్లొమా చేసి, ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకోవడానికి వచ్చాను. నాతో వచ్చినవాళ్ళందరూ చదువు అవగానే ఆక్లాండ్ బస్సులూ బిల్డింగులూ వెతుక్కుంటూ ఎగిరిపోయారు. నేను ఈ చలిలో, ఈ గాలివానలో ఉండిపోయాను. ఎందుకు ఉండిపోయావని ప్రతివాళ్ళూ అడుగుతారు. ఈ పని నాకిష్టం. అంతకంటే పెద్ద కారణం ఏదైనా చెబితేగాని వాళ్ళకి తృప్తిగా ఉండదు, నా దగ్గర లేదు.

మా ఫారంలో మంద మగవాడికి నేను పెట్టిన పేరు పెళ్లికొడుకు. ఏడాదిలో మిగతా కాలమంతా బుద్ధిమంతుడే. మేస్తాడు, నెమరేస్తాడు, తన పని తను చూసుకుంటాడు. మార్చిలో, ఇక్కడ శరదృతువు మొదలై పగలు కురచబడేసరికి ఏదో పూనినట్టు మెడ ఉబ్బుతుంది, మెడ చుట్టూ జూలు పెరుగుతుంది, బుద్ధి జారుతుంది. అప్పట్నుంచి ఈయనగారి ముస్తాబు చూడాలి. మన ఇళ్ళలో పెళ్లికొడుకుని చెయ్యాలంటే నూనె రాసి, నలుగు పెట్టి, తలంటు పోస్తారు. ఈయన తన కాళ్ళతో తనే గొయ్యి తవ్వుకుంటాడు. అందులో నీళ్ళు చేరి బురద అవుతుంది. ఆ బురదలో ఉచ్చ పోసుకుని, పొర్లి, అదే పొట్టకీ మెడకీ పట్టించుకుని, నల్లగా కంపు కొడుతూ లేచి, తనంత అందగాడు లేడన్నట్టు దులుపుకుంటాడు. తర్వాత ముళ్ళపొదల మీద పడి తలతో కుమ్ముతాడు. నిజానికి ఆయన కొమ్ములు వసంతకాలంలోనే, మెత్తగా ఉండగానే, అమ్మకానికి మత్తిచ్చి కోసేశాం. మిగిలినవి రెండు మొండిముక్కలు. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ ముక్కలకి గడ్డి వేలాడేసుకుని, బాసికం కట్టుకున్నట్టు ఊరేగుతాడు.

ఇక అరుపు. స్టార్ట్ కాని పాత లారీని ఎవరో పట్టు వదలకుండా తిప్పుతున్నట్టుంటుంది. కివీలు ఈ కాలాన్నే రోర్ అంటారు. తిండి మానేస్తాడు, నిద్ర మానేస్తాడు, పక్కటెముకలు బయటపడతాయి, అరుపు మాత్రం మానడు. నాలిక బయటపెట్టి, మెడ చాచి, ఆడ జింకల చుట్టూ తిరుగుతూ ఒకదాన్ని ఇటు తోలతాడు, ఇంకోదాన్ని అటు తోలతాడు. అవి పక్కకి నాలుగడుగులు వేసి మళ్ళీ గడ్డి మీద మూతి పెడతాయి. అసలు పని రెప్పపాటు. దానికి ముందు ఈ మేళం వారాల తరబడి.

ఫారంలో పని చేస్తానంటే చాలు, “ఓ, రెయిన్‌డీరా?” అంటారు తెలుగువాళ్ళు, క్రిస్మస్ బొమ్మలు గుర్తొచ్చి. కాదు. కానీ వాటి మగవాళ్ళూ ఇదే కులం. కాలేజీలో పాఠం విన్నాను, రుతువు రాగానే మెడలు ఉబ్బించి, గుర్రుగుర్రుమని, ఒంటి మీద ఉచ్చ పోసుకుని, ఒకళ్ళనొకళ్ళు కుమ్ముకుంటారట. రుతువు అయిపోగానే ముసలి మగవాటి కొమ్ములు రాలిపోతాయి. ఆడవాటికి చలికాలమంతా ఉంటాయి. అంటే మంచులో క్రిస్మస్ తాత బండి లాగుతూ బొమ్మల్లో కనిపించేవి ఆడవే అయ్యుండాలి. పేరు మాత్రం మగవాటికి పోయింది. అది విని నేను క్లాసులో గట్టిగా నవ్వాను, ఇంకెవరూ నవ్వలేదు.

ఒక ఏడాది సంగతి చెప్పాలి. ఫారం యజమానురాలు ఒక ముసలావిడ. మాటలు పొదుపు. భర్త పోయాక తనే జింకల్ని చూసుకునేది. ఆ శరదృతువులో తుంటి ఆపరేషన్ అయి టౌన్‌లో ఉండిపోయింది. చుట్టుపక్కల జింకల ఫారాలన్నీ ఒక్కొక్కటే ఆవుల డెయిరీలైపోతున్నాయి. ఆవిడకీ బేరం వచ్చింది. వెళ్ళేముందు నన్ను పిలిచి చెప్పింది. “ఈ రోర్ నీ చేతిలో పెడుతున్నాను. మందలు కలిసిపోకుండా, ఒక్క ఆడ జింక పోకుండా నడిపించావంటే జింకలుంటాయి, నువ్వూ ఉంటావు. లేదంటే అమ్మేస్తాను.” నేను సరేనన్నాను. ఆ నెలంతా నా తల ప్రాణం తోకకొచ్చింది. మా పెళ్లికొడుక్కీ, రెండో మంద మగవాడికీ మధ్య ఒక పాడక్ ఖాళీగా వదిలేశాను. పాడక్ అంటే కంచె వేసిన మేత పొలం. ఎదురెదురు కంచెల దగ్గర నిలబడితే ఇద్దరూ ఒళ్ళు మరిచి పోట్లాడుకుంటారు, అందుకు. ప్రతి గేటు గొలుసూ పొద్దున్నా సాయంత్రం లాగి చూసుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మకి నా పెళ్లి గుర్తొచ్చింది. పెద్దమ్మ ఆక్లాండ్‌లో, శాండ్రింగ్‌హామ్‌లో, కొడుకు దగ్గర ఉంటుంది. అక్కడ ఇండియన్ షాపులో కరివేపాకు కొంటూ ఒక సంబంధం సంపాదించింది. అబ్బాయి ఐటీలో సెటిల్ అయ్యాడట, సొంత ఇల్లట, మేనమామే పెద్దదిక్కట.

“ఇప్పుడు కాదు పెద్దమ్మా, రోర్ అయ్యాక రండి,” అన్నాను.

“వాళ్ళకి ఈస్టర్ సెలవులే కుదుర్తాయే. నీకు జింకలేమైనా చంటిపిల్లలా? ఒక్కపూట చీర కట్టుకుని కూర్చోలేవూ?”

“సరే రండి. రోడ్డు మీదున్న గేటు దగ్గర కారు ఆపి నాకు ఫోన్ చెయ్యండి. ఏ గేటూ ముట్టుకోవద్దు. నేనొచ్చి తీసుకెళ్తాను.”

“అలాగేలే,” అంది. ఆ అలాగేలే వినగానే నాకు అనుమానం రావాల్సింది.

శుక్రవారం పొద్దున్న వాళ్ళ విమానం ఆలస్యమైంది. రాహుకాలం మొదలవకముందే నా గడప దాటాలని మేనమామగారి పట్టు. ఆయన చూసిన గోడ క్యాలెండర్ హైదరాబాద్‌లో అచ్చేసింది. అక్కడి సూర్యుణ్ణి బట్టి కట్టిన రాహుకాలం ఇక్కడ, భూమి అడుగున, వానలో, ఎవరికి పడుతుందో నాకు తెలీదు. ఆయనకి తెలుసు. ఫోన్ చేసి నాకోసం నిలబడితే ఆలస్యమని, ఆయనే దిగి రోడ్డు గేటు తీశాడు. కారు లోపలికొచ్చింది. గేటు అలాగే ఉంది. మా దారికి అడ్డంగా ఒక వాగుంది, రాత్రి వానకి దారి మీదకి పొంగింది. అద్దె కారు అందులో దిగదు. అక్కడ ఆగి చూస్తే పక్కన పచ్చగా మైదానం, దాని అవతల నా ఇంటి పొగగొట్టం. ఇంకేముంది, దాని గేటూ తీసి అడ్డదారి. అది పెళ్లికొడుకు పాడక్.

నేను చీర కట్టుకుని కాఫీ పెడుతూ వంటగది కిటికీలోంచి చూశాను. మగ జింక ఉన్న పాడక్‌లో, ఏప్రిల్ నెలలో, పట్టు కండువా. వెనక సూటు వేసుకుని ఒకాయన, ఫోన్ ఎత్తి పట్టుకుని. ఇంకా వెనక మా పెద్దమ్మ, ఒక చేత్తో బొబ్బట్ల డబ్బా, ఒక చేత్తో కుచ్చిళ్ళు.  రోర్‌లో మేమే ఆ పాడక్‌లోకి బండి లేకుండా అడుగు పెట్టం. కొమ్ముల్లేకపోయినా ఆ తలతో ఒక్కటి కుమ్మితే మనిషి మిగలడు.

చీర మీద రబ్బరు గమ్‌బూట్లు తొడుక్కుని, ఫారంలో తిరిగే నాలుగు చక్రాల క్వాడ్ బైక్ ఎక్కాను. మధ్యలో ఉన్న ఖాళీ పాడక్ దాటి, గేటు తీసుకుని, వాళ్ళకీ వాడికీ మధ్య బండి పెట్టాను. దేవుడి దయవల్ల వాడు అవతలి చివర ఒక పడుచు జింక వెంటపడి ఉన్నాడు.

“ఏమ్మా, పెళ్లికూతురు ఇలా ఎదురొస్తుందా?” అన్నాడు మేనమామగారు.

“బండి పక్కన నడవండి. పరిగెత్తకండి. మాట్లాడకండి.”

“వావ్, దట్ సౌండ్!” అన్నాడు అబ్బాయి. ఫోన్ దించలేదు.

వాళ్ళని ఖాళీ పాడక్‌లోకి, అక్కణ్ణుంచి నా ఇంటి పెరట్లోకి తోశాను. వెనక గేటు మూసేలోపే పెళ్లికొడుక్కి మేం కనిపించాం. మాకంటే ముఖ్యమైన సంగతి, ఆ తీసి ఉన్న గేటు కనిపించింది. బురద ఎగజిమ్ముకుంటూ నా బండి పక్కనుంచే దూసుకుపోయి, ఖాళీ పాడక్ దాటి, రెండో మగవాడి కంచె దగ్గర ఆగాడు. ఇద్దరి మధ్యా ఇప్పుడు ఒక్క కంచె. ఇక మొదలు. వాడు అటు నడిస్తే వీడూ అటే, వాడు ఇటు తిరిగితే వీడూ ఇటే. గొంతులు చించుకుంటున్నారు. కంచె గట్టిది, దాని భయం నాకు లేదు. నేను చూస్తున్నది వెనక్కి.

వాగు దగ్గర, వాళ్ళు లోపలికొచ్చిన గేటు బార్లా తెరిచి ఉంది. దాంట్లోంచి మా ముసలి ఆడ జింక తాపీగా దారి మీదకి నడుస్తోంది. మందకి దారి చూపించేది ఎప్పుడూ అదే. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, తోపులాట లేదు, చప్పుడు లేదు. మంద మొత్తం పోతోంది. దారి చివర రోడ్డు గేటు కూడా తీసే ఉంది. ఆ రోడ్డు మీద పాల ట్యాంకర్లు తిరుగుతాయి.

“రోడ్డు గేటు కూడా వెయ్యలేదా?” అని అరిచాను.

“ఆయన వెయ్యలేదే,” అంది పెద్దమ్మ.

“నువ్వు చూశావా?”

“రెండూ చూశాను.”

“చూసి, పిలవలేదా?”

“శుభమా అని వెళ్తున్న మనిషిని వెనక నుంచి పిలుస్తారటే?” అంది. “నేను వేద్దామంటే ఆ గొలుసు నాకు రాలేదు.”

 ఆవిడ తప్పు కూడా కాదు, మనందర్నీ అలాగే పెంచారు. మందంతా రోడ్డున పడ్డా సరే, ముందు నడిచే పెద్దమనిషిని వెనక్కి పిలవకూడదు. ఒళ్ళు మండిపోయింది. మేత గుళికల బకెట్ తీసుకుని, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, వాగులో చీర తడుపుకుంటూ అడ్డంగా దాటి రోడ్డు వైపు నడిచాను. ఆవిడ చెప్పులు వాగులో పోయాయి. 

మేం చేరేసరికి మంద రోడ్డు పక్క గడ్డిలో ఉంది. ముసలిది తలెత్తి నన్ను చూసింది. ఇంకో నిమిషం ఉంటే వచ్చేసేది. సరిగ్గా అప్పుడు అబ్బాయి మా వెనకే వచ్చాడు. కోటు విప్పి గాల్లో తిప్పుతూ, “హేయ్! హేయ్! గో బ్యాక్!” అని చప్పట్లు చరిచాడు. మంద ఒక్క ఉదుటున బెదిరి రోడ్డు మీదకెక్కింది. ట్యాంకర్ మలుపు తిరుగుతోంది.

“నోరు ముయ్యి!” అన్నాను. పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు మొదటిసారి అబ్బాయితో అన్న మాట అది. ఇప్పటికీ నాకు మార్చుకోవాలనిపించదు.

ట్యాంకర్ డ్రైవర్ ఎవరో మహానుభావుడు. హారన్ కొట్టలేదు. మెల్లగా ఆపి, ఇంజన్ కట్టేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ రోజు నాకు కనిపించిన మగజాతిలో బుద్ధున్నది ఆయనొక్కడే. రోడ్డంతా నిశ్శబ్దమైంది. దూరంగా ఫారంలో మా వీరులిద్దరి అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. నేను మంద వైపు చూడకుండా వీపు తిప్పుకుని, బకెట్ కొంచెంగా ఆడిస్తూ, “దా… దా… దా…” అంటూ గేటు వైపు నడిచాను. మా ఊళ్ళో గేదెల్ని పిలిచే పిలుపు అది. ఇక్కడికొచ్చాక అలవాటు చేశాను.  ఇవి పోతే ఇక ఈ దేశంలో నాకు నాది అని చెప్పుకోవడానికి ఏమీ లేదని తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి డెక్కల చప్పుడు వినిపించింది.

ముసలిది వచ్చింది. దాని వెనక అన్నీ వచ్చాయి. నా పక్కనుంచే గేటు దాటి లోపలికి నడిచాయి. ఆఖరిది లోపలికి రాగానే, గేటు చాటున నిలబడ్డ పెద్దమ్మ ఒట్టి కాళ్ళతో ముందుకొచ్చి గేటు మూసింది. గొలుసు ఎలా వెయ్యాలో నేను చెప్పబోతే, “ఉండు, నాకొస్తుంది,” అని తనే వేసింది.

మందని పాడక్‌లో పెట్టి, లెక్కపెట్టుకుని, గేటు వేసేదాకా మా పెళ్లికొడుక్కి ఆడవాళ్ళు పోయిన సంగతే తెలీదు. వచ్చిన సంగతీ తెలీదు. వాడింకా కంచె దగ్గరే ఉన్నాడు. బండితో మెల్లగా వెనక్కి మళ్ళించాక, మందని చూసి మెడ ఎత్తి ఒక పెద్ద అరుపు అరిచాడు, అందర్నీ తనే కూడగట్టుకొచ్చినట్టు.

ఇంట్లోకొచ్చాక రాహుకాలంలోనే కాఫీలిచ్చాను. చీర మోకాళ్ళ దాకా బురద. అబ్బాయి సోఫాలో కాళ్ళు చాపి మేనమామకి చెబుతున్నాడు. “లక్కీగా నేను టైంకి వెళ్ళి అరిచాను మామయ్యా. లేకపోతే హైవే ఎక్కేసేవి.” మేనమామగారు గర్వంగా తలూపాడు. నేను కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాను. ఉంటే ఇంకో మాట అనేదాన్ని.

వాళ్ళు టౌన్‌లో మోటెల్‌కి వెళ్ళారు. పెద్దమ్మ నా దగ్గర ఉండిపోయింది. పడుకునేముందు అడిగింది. “ఆడవన్నీ వెళ్ళిపోతే ఆ మగది ఏం చేసిందే?”

“అరిచింది.”

“తెలిశాకా?”

“తెలిస్తేగా పెద్దమ్మా.”

నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

మర్నాడు పొద్దున్నే యజమానురాలు ఎవరి కార్లోనో వచ్చింది. రోడ్డు మీద జరిగింది టౌన్ దాకా పాకింది. కర్ర మీద వాలి, పాడక్ కంచె పక్కన నిలబడి మందని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. 

“అన్నీ ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“మందలు కలిశాయా?”

“లేదు.”

“గేటు ఎవరు తీశారు?”

“నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు.”

ఆవిడ పెద్దమ్మ వైపు చూసింది, నా గమ్‌బూట్లు వేసుకుని నిలబడి ఉన్న పెద్దమ్మ వైపు. ఏమనుకుందో తెలీదు. “చలికాలం మేతకి ఫోన్ చేసి చెప్పు. నీ పేరు మీద చెప్పు,” అని కారెక్కింది. మేత కొనమంటే జింకలుంటాయని. నా పేరు మీద అంటే నేనూ ఉంటానని. కారు పోయాక నేను కంచె పట్టుకుని ఏడ్చేశాను.  ఏం జరిగిందో పెద్దమ్మకి ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది.

లోపలికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మేనమామగారు. పెద్దమ్మ స్పీకర్లో పెట్టింది.

“అమ్మాయికి కాస్త నోరెక్కువ. అయినా మావాడికి నచ్చిందండీ,” అన్నాడు. “ఈ జింకల ఉద్యోగం మాత్రం నలుగురిలో చెప్పుకోడానికి బాగోదు. నెలాఖరుకి మానిపించి ఆక్లాండ్ పంపించెయ్యండి. మిగతావి నేను చూసుకుంటాను.”

నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను. పెద్దమ్మ నా చెయ్యి పక్కకి తోసింది.

“మా అమ్మాయికి ఇక్కడ పనుందండీ,” అంది. “రాదు.”

అవతల గొంతు పెరిగింది. అంత దూరం వచ్చాం, మర్యాద, పరువు, పెద్దరికం, అన్నీ వచ్చాయి. పెద్దమ్మ ఫోన్‌ని బల్ల మీద పెట్టి, ఆయన ఆ అరుపు అరుస్తుండగానే స్టవ్ దగ్గరికి వెళ్ళి పాలు పెట్టింది. పాలు పొంగేదాకా ఆయన ఆగలేదు. అప్పుడొచ్చి ఫోన్ కట్టేసింది.

“నాకు పెళ్లికి ముందు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగం వచ్చింది, తెలుసా నీకు?” అంది, నా వైపు చూడకుండా.

“తెలీదు పెద్దమ్మా. ఎప్పుడూ చెప్పలేదు.”

“ఎవరడిగారే. మీ పెదనాన్న వాళ్ళు చూడ్డానికొచ్చి మానిపించెయ్యమన్నారు. మా ఇంటి నిండా జనం. ఈ ఒక్క మాట అనేవాళ్ళే లేకపోయారు.”